కొత్తవాడ దర్రీలకు విజిటింగ్ కార్డు: ప్రాజెక్టు డైరీ

పని ఏమిటంటే

వరంగల్ కొత్తవాడలో మగ్గాల మీద నూలు దర్రీలు, జంఖానాలు నేసే ఒక చిన్న కుటుంబ కేంద్రానికి కొత్త కార్డు తయారవుతోంది. వాళ్ల పాత కార్డు గ్లాసీ లామినేషన్‌ది. ముందువైపు నాలుగు ఫొటోలు కిక్కిరిసి ఉంటాయి. కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఫోన్ నంబరు. స్టాల్‌కు వచ్చినవాళ్లు ఎక్కువగా అడిగేవి రెండే: "నాలుగు బై ఆరు ఎంత? ఇదే డిజైన్ ఇంకో రంగుల దొరుకుతదా?" ఆ జవాబు కార్డు వెనక రాసిద్దామంటే లామినేషన్ మీద పెన్ను జారుతుంది. ఎలాగో రాసినా జేబులో పెట్టేసరికి చెరిగిపోతుంది.

అందుకే ఈ కార్డుకు రెండు షరతులు పెట్టుకున్నాం. వెనకవైపు బాల్‌పెన్‌తో రాయగలగాలి. అదే కార్డును బెజ్జం కొట్టి దర్రీకి ట్యాగులా కట్టగలగాలి. ఈ రెండూ ఒప్పుకుంటే కాగితం, సైజు, అక్షరం, అచ్చు అన్నీ వాటి వెంటే తేలతాయి. హ్యాండ్‌మేడ్ కాగితం మీద స్క్రీన్ ప్రింటింగ్‌లో (జాలి గుడ్డ గుండా సిరా దింపే అచ్చు) 500, మామూలు అన్‌కోటెడ్ (పూత లేని) బోర్డు మీద డిజిటల్‌లో 1000 కొట్టించాలని నిర్ణయం. మొదటివి దర్రీకి కట్టడానికి, రెండోవి స్టాల్‌లో పంచడానికి.

మ్యాటర్ ఖరారు

ముందువైపు నాలుగే వరుసలు: కేంద్రం పేరు, "చేమగ్గం మీద నేసిన నూలు దర్రీలు" అనే ఒక్క వాక్యం, ఫోన్ నంబరు, ఊరు. ఇంటి పెద్దాయన చెప్పింది నేరుగా డిజైన్‌లోకి వెళ్లింది: "పేరు పెద్దగ పెట్టుండ్రి సారూ, నంబరు గూడ అంతే పెద్దగ ఉండాలె. అద్దాలు పెట్టుకోకున్నా కనవడాలె." నంబరును అయిదు, అయిదు అంకెలుగా విడగొట్టాం. పదీ ఒకే వరుసగా ఉంటే డయల్ చేసేవాళ్లు మధ్యలో తప్పుతారు.

వెనకవైపు సైజు, రంగు, ధర అని మూడు గీతలు, వాట్సాప్ క్యూఆర్, పూర్తి చిరునామా, అడుగున ఉతుకు సూచన: "మొదటిసారి విడిగా, చల్లని నీళ్లలో. నీడన ఆరేయండి."

చిరునామా పాత కార్డు నుంచి కాపీ చేస్తే రెండు చోట్ల తప్పు వచ్చేది. 2021లో జిల్లాల పేర్లు మారాయి. వరంగల్ అర్బన్ హన్మకొండ జిల్లా అయింది, వరంగల్ రూరల్ వరంగల్ జిల్లా అయింది. ఆ మార్పులో కొత్తవాడ ఉన్న వరంగల్ మండలం వరంగల్ జిల్లాలోకి వచ్చింది. ఇప్పటికీ "వరంగల్ అర్బన్" అని ఉన్న కార్డులు నగరంలో చాలా తిరుగుతున్నాయి. ఇంగ్లీషు చిరునామాలో రాష్ట్రం పేరును టీఎస్ అని కుదించి రాసే అలవాటుంది, 2024 నుంచి అది టీజీ. కొరియర్ వాళ్లకు పిన్‌కోడ్ సరిగ్గా ఉంటే చాలు గానీ, కొత్తగా అచ్చు వేయిస్తూ పాత పేర్లు మోయడం ఎందుకు?

జీఐ లోగో సంగతి. వరంగల్ దర్రీలకు భౌగోళిక గుర్తింపు (జీఐ) 2018లో వచ్చింది. అంతమాత్రాన వరంగల్‌లో దర్రీ నేసే ప్రతివాళ్లూ ఆ లోగో అచ్చు వేసుకోవడానికి వీల్లేదు. 1999 నాటి జీఐ చట్టం కింద అధీకృత వాడుకదారుగా ఎవరికి వారు నమోదు చేయించుకోవాలి. ఈ కేంద్రం నమోదు ఇంకా పూర్తికాలేదు కాబట్టి లోగో పెట్టలేదు. వెనకవైపు మధ్యలో, క్యూఆర్‌కూ గీతలకూ నడుమ, 14 మి.మీ. చోటు ఖాళీగా ఉంచాం. నమోదు చేతికొచ్చాక రెండో అచ్చులో అక్కడ వస్తుంది. చేనేత గుర్తుకు, అంటే 2006లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన హ్యాండ్‌లూమ్ మార్కుకు, కూడా ఇదే లెక్క. నమోదు ఉంటేనే వాడాలి. జీఎస్టీ నంబరు కార్డు మీద అవసరం లేదు. అది బిల్లు మీద, దుకాణం బోర్డు మీద ఉండాల్సింది.

సైజు, కొలతలు

మన దగ్గర ప్రెస్సులన్నీ కోసేది 3.5 × 2 అంగుళాలకు, అంటే 88.9 × 50.8 మి.మీ. చదరం కార్డు, గుండ్రని మూలల కార్డు చూడముచ్చటగానే ఉంటాయి. కానీ కొనుగోలుదారు కార్డు హోల్డర్‌లో పట్టవు, పైగా డై కటింగ్ ఖర్చు వేరే. మామూలు సైజుకే కట్టుబడ్డాం.

ముందువైపు లెక్క ఇలా తేలింది. ఎడమ పైమూలలో 4 మి.మీ. బెజ్జం, దాని కేంద్రం రెండు అంచుల నుంచీ 8 మి.మీ. లోపలికి. అంటే బెజ్జం అంచుకూ కార్డు అంచుకూ మధ్య 6 మి.మీ. కాగితం మిగులుతుంది. హ్యాండ్‌మేడ్ కాగితంలో ఇది 4 కంటే తగ్గితే దారం లాగినప్పుడు చిరుగుతుంది. అక్షరాలు ఎడమ అంచు నుంచి 14 మి.మీ. దగ్గర మొదలు. పేరు 18 పాయింట్లు, వాక్యం 9, నంబరు 13, ఊరు 9. నంబరు పేరంత పెద్దగా పెడితే రెండూ పోటీపడుతున్నాయి. అందుకని సైజు తగ్గించి బోల్డ్ చేశాం. పెద్దాయనకు ప్రూఫ్ చూపిస్తే చేయి చాచి పట్టుకుని చదివి సరే అన్నారు.

బెజ్జం విషయంలో ఒక జాగ్రత్త ఉంది. ముందువైపు ఎడమ పైమూలలో ఉన్నది, కార్డు తిప్పితే కుడి పైమూలలోకి వస్తుంది. కంప్యూటర్ తెర మీద రెండు వైపులూ పక్కపక్కన పెట్టుకుని డిజైన్ చేస్తుంటే ఇది తట్టదు. వెనక కూడా ఎడమవైపే ఖాళీ వదిలి, కుడివైపు అక్షరాలు పేర్చేస్తారు. డ్రిల్లు దిగాక చూస్తే చిరునామా మధ్యలో రంధ్రం. డిజైన్ ఫైలులో బెజ్జాన్ని రెండు పేజీల్లోనూ వేరే లేయర్‌లో ఎర్ర వృత్తంగా పెట్టుకుని, అచ్చుకు పంపేటప్పుడు ఆ లేయర్ ఆపేస్తే సరిపోతుంది.

తెలుగు అక్షరం

ఎక్కువ సమయం పట్టిన పని ఇదే, పట్టాల్సింది కూడా ఇక్కడే. ఇంగ్లీషు కోసం తయారైన టెంప్లేట్‌లో తెలుగు పోస్తే మొదట తన్నుకునేవి వరుసలు. పై వరుస వత్తులు కిందికి దిగుతాయి, కింది వరుస గుడులు పైకి లేస్తాయి. సాఫ్ట్‌వేర్ తనంతట ఇచ్చే 120 శాతం లీడింగ్‌లో (వరుసకూ వరుసకూ మధ్య దూరం) అవి ఒకదానికొకటి తగులుతాయి. 9 పాయింట్ల అక్షరానికి 14 పాయింట్ల లీడింగ్ ఇచ్చాం. "వస్త్ర"లాంటి మాట ఉంటే 15 కావాలి. స కింద త వత్తు, దానికి తోడు ర వత్తు చేరి బాగా కిందికి దిగుతాయి.

ఫాంటు ఎంపికలో అందం కంటే గీత మందం ముందు చూడాలి. స్క్రీన్ ప్రింటింగ్‌లో, అందులోనూ గరుకు కాగితం మీద, 0.25 మి.మీ. కంటే సన్నని గీత నిలవదు. ఒకచోట తెగుతుంది, ఒకచోట ముద్దవుతుంది. అందుకే సన్నం, లావు తేడా ఎక్కువగా ఉన్న ఫాంట్లను చిన్న అక్షరాలకు పక్కన పెట్టాం. పేరుకు రామభద్ర, మిగతా వాటికి మండలి. రెండూ యూనికోడ్‌వే, ఉచితంగా దొరుకుతాయి, వ్యాపారానికి వాడుకోవడానికి లైసెన్సు ఒప్పుకుంటుంది. మండలిలో 9 పాయింట్ల అక్షరాన్ని బాగా పెద్దది చేసి గీతలు కొలిచాం. సన్నగా అనిపించిన చోట అదే రంగుతో 0.05 మి.మీ. అవుట్‌లైన్ చేర్చాం. అంతకంటే ఎక్కువ చేరిస్తే లోపలి ఖాళీలు పూడుకుపోతాయి.

ఆ ఖాళీలు పూడితే ఏమవుతుందో "ధర" అన్న మాటలో కనిపిస్తుంది. ధ కింద వేలాడే చిన్న గీతకూ అక్షరానికీ మధ్య సందు 8 పాయింట్లలో వెంట్రుకవాసి. సిరా కొంచెం పాకితే ఆ గీత అక్షరంలో కలిసిపోయి "దర" అవుతుంది. సామాను అమ్మే కార్డు మీద ఆ ఒక్క మాట తప్పుగా కనిపించడం చాలా ఇబ్బంది. వెనకవైపు సైజు, రంగు, ధర అనే మూడు మాటలనూ 10 పాయింట్లకు పెంచి, ధ కింది గీతను చేత్తో మరో 0.1 మి.మీ. కిందికి జరిపాం. "మగ్గం"లో గ వత్తుకు కూడా ఇదే వైద్యం.

ప్రెస్సులో వచ్చే తంటా వేరు. మన దగ్గర చాలా డీటీపీ సెంటర్లు ఇప్పటికీ అను అనే పాత పద్ధతి తెలుగు ఫాంట్లతో, పేజ్‌మేకర్‌తో నడుస్తున్నాయి. వాట్సాప్‌లో పంపిన యూనికోడ్ మ్యాటర్ ఆ పేజ్‌మేకర్‌లో పేస్టు చేస్తే ప్రశ్నార్థకాలో, ఖాళీ డబ్బాలో వస్తాయి. పాత కోరెల్‌డ్రాలో, సరైన కంపోజర్ ఆన్ చేయని ఫొటోషాప్‌లో అక్షరం వస్తుంది గానీ వత్తు విడిపోతుంది. "మగ్గం" కాస్తా "మగ్‌గం" అవుతుంది. ఆపరేటర్ మళ్లీ అనులో టైపు చేస్తానంటాడు. చేయనిస్తే ఫాంటు మారిపోతుంది, కొత్త అచ్చుతప్పులు చేరతాయి.

దీనికి తిరుగులేని దారి ఇది. ఇంక్‌స్కేప్‌లో టైపు చేయాలి, అందులో తెలుగు వత్తులు సరిగ్గా కూర్చుంటాయి. తర్వాత అక్షరాలను ఆబ్జెక్ట్ టు పాత్‌తో గీతలుగా మార్చాలి. అక్కడితో ఆగకూడదు. చాలా ఫాంట్లలో వత్తు, అక్షరం ఒకదాని మీదికి ఒకటి కొంచెం ఎక్కి ఉంటాయి. గీతలుగా మార్చాక కొన్ని ప్రెస్ సాఫ్ట్‌వేర్లలో ఆ ఎక్కిన చోట తెల్లటి చిల్లు పడుతుంది. అందుకని అన్నిటినీ ఎంచుకుని యూనియన్ చేయాలి. ఆ తర్వాతే పీడీఎఫ్. గీతలుగా మారిన ఫైలులో అక్షరం దిద్దలేం కాబట్టి దిద్దే కాపీ, ప్రెస్ కాపీ రెండూ వేర్వేరు పేర్లతో దాచాం.

పట్టీలు

దర్రీ ఫొటో పెట్టాలని ఇంటివాళ్లకు బాగా కోరిక. పెట్టి చూపించాం. నేత గళ్లు సన్నవి, అచ్చులోని చుక్కల వరుసలూ సన్నవే. రెండూ కలిసి అసలు దర్రీలో లేని అలలు పుడతాయి. ఫొటోను చిన్నది చేసేకొద్దీ అలలు పెరుగుతాయి. స్క్రీన్ ప్రింటింగ్‌లో ఫొటో ఊసే వద్దు. బదులుగా వాళ్లు ఎక్కువగా నేసే దర్రీలోని పట్టీల వరుసనే గీశాం: 3 మి.మీ. పట్టీ, 1 ఖాళీ, 1 పట్టీ, 1 ఖాళీ, 1 పట్టీ, 1 ఖాళీ, 3 పట్టీ. మొత్తం 11 మి.మీ. కార్డు అడుగు అంచుకు 6 మి.మీ. పైన మొదలై, ఎడమ అంచు నుంచి కుడి అంచుదాకా పారుతుంది.

అలా పారించడానికి కారణం ఉంది. కటింగ్ మిషన్‌లో కట్ట కోసేటప్పుడు ఒక మి.మీ. అటూ ఇటూ జరగడం మామూలే. కట్టలో పై కాగితానికీ అడుగు కాగితానికీ కూడా తేడా వస్తుంది. కార్డు చుట్టూ సన్న బార్డర్ గీస్తే ఆ ఒక్క మి.మీ. కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఒకవైపు బార్డర్ లావు, ఇంకోవైపు మాయం. పట్టీ అంచును దాటి పోతే కోత ఎటు జరిగినా తెలియదు. ఇంకో లాభం షీటు మీద దొరికింది. ఒకే వరుసలో కార్డులను పక్కపక్కన ఆనించి పేరిస్తే, పేక పోగు బట్ట ఈ చివర నుంచి ఆ చివరకు పోయినట్టు పట్టీ అన్ని కార్డుల మీదుగా ఏకధాటిగా పోతుంది. కార్డుకూ కార్డుకూ మధ్య బ్లీడ్ (కోత గీత దాటి అదనంగా వేసే అచ్చు) వదలక్కర్లేదు, ఒకే కోత చాలు. వరుస రెండు చివర్లలో మాత్రం 3 మి.మీ. అదనంగా పొడిగించాలి.

రంగు ఒక్కటే, నీలిమందు నీలం. ఎరుపు కూడా ఉంటే బాగుండునని వాళ్ల అమ్మాయి అడిగింది. రెండో రంగుకు రెండో స్క్రీన్ కావాలి, ఒక మి.మీ. పట్టీల పక్కన రెండో రంగు చక్కగా కూర్చోవాలి. అంచులు ఎగుడుదిగుడుగా ఉండే హ్యాండ్‌మేడ్ షీటు మీద అది అనుకున్నంత తేలిక కాదు. ఎరుపు దారంలోకి మార్చాం, ఆ సంగతి కింద ఉంది.

డిజిటల్ కార్డుల ఫైలులో ఈ నీలానికి సయాన్ 100, మెజెంటా 65, ఎల్లో 10, బ్లాక్ 35 ఇచ్చాం. మెజెంటా సయాన్‌కు దగ్గరగా, 85, 90 దాకా పోతే కంప్యూటర్‌లో నీలంగా కనిపించేది అచ్చులో వంకాయ రంగుకు తిరుగుతుంది. రెండిటికీ 30 తేడా ఉంచుకుంటే భయం లేదు. నంబరు, చిరునామా మాత్రం బ్లాక్ 100 ఒక్కటే. చిన్న అక్షరాన్ని నాలుగు రంగులు కలిపి వేస్తే, ఏ ఒక్కటి కొంచెం జరిగినా అక్షరం చుట్టూ నీడ పడుతుంది.

క్యూఆర్

మొదట అనుకున్నది పేరు, నంబరు, చిరునామా అన్నీ ఫోన్‌లో సేవ్ అయ్యే కాంటాక్ట్ క్యూఆర్. అందులో దాదాపు 150 అక్షరాలు పడతాయి. తెలుగు అక్షరాలైతే ఒక్కోటి మూడు బైట్లు తింటుంది కాబట్టి అవి ఇంగ్లీషులోనే ఉండాలి. మీడియం స్థాయి లోప సవరణతో (కొంత భాగం చెడినా చదవగలిగే ఏర్పాటు) అది 49 × 49 గడుల క్యూఆర్ అవుతుంది. చుట్టూ నాలుగేసి గడుల తెల్ల చోటు తప్పనిసరి, మొత్తం 57. దీన్ని 18 మి.మీ.లో పెడితే గడి 0.32 మి.మీ. హ్యాండ్‌మేడ్ కాగితం మీద అది ముద్దవడం ఖాయం.

వాట్సాప్ పొట్టి లింకు (wa.me) అయితే హెచ్‌టీటీపీఎస్ నుంచి చివరి అంకెదాకా సరిగ్గా 26 అక్షరాలు, దేశం కోడ్ 91 కలిపి. క్యూఆర్ రెండో వెర్షన్‌లో మీడియం సవరణతో పట్టేది కూడా 26 బైట్లే. 25 × 25 గడులు, తెల్ల చోటుతో 33. అదే 18 మి.మీ.లో గడి 0.55 మి.మీ. అయింది. కొనేవాళ్లకు కావాల్సిందీ ఇదే: స్కాన్ చేయగానే చాట్ తెరుచుకుంటుంది, దర్రీ ఫొటో పంపి ధర అడుగుతారు. లింకులో నంబరు ముందు కూడిక గుర్తు గానీ సున్నా గానీ పెట్టకూడదు, పెడితే లింకు పనిచేయదు.

ఉచితంగా దొరికే కొన్ని క్యూఆర్ సైట్లు మన లింకును తమ లింకులో చుట్టి ఇస్తాయి. ఉచిత గడువు తీరాక స్కాన్ చేస్తే డబ్బు కట్టమనే పేజీ వస్తుంది. అప్పటికి కార్డులు ఊరంతా పంచేసి ఉంటాం. స్టాటిక్ క్యూఆర్ మాత్రమే చేసుకోవాలి. ఇంక్‌స్కేప్‌లోనే ఎక్స్‌టెన్షన్స్, రెండర్, బార్‌కోడ్, క్యూఆర్ కోడ్ అన్న దారిలో వెక్టర్‌గా వస్తుంది. రంగు తిరగేసి, నీలం మీద తెల్ల గడులు వేయకూడదు, కొన్ని ఫోన్లు చదవవు. యూపీఐ క్యూఆర్ కార్డు మీద వద్దన్నాం. రెండు క్యూఆర్‌లు పక్కపక్కన ఉంటే ఏది దేనికో తెలియక తికమక పడతారు.

షీటు లెక్క

హ్యాండ్‌మేడ్ కాగితం 22 × 30 అంగుళాల షీట్లుగా వస్తుంది. వరంగల్‌లో కోరిన మందం దొరక్కపోతే హైదరాబాద్ ఛత్తా బజార్ వైపు పెళ్లికార్డుల సామాను అమ్మేవాళ్ల దగ్గర వెతకాలి. తీసుకున్నది 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు), కాటన్ గుజ్జుది. పాత బట్ట ముక్కల నుంచి తీసే కాగితం నూలు దర్రీకి కట్టడం మాకు మనసుకు నచ్చింది.

షీటు నాలుగు వైపులా గరుకు అంచు అర అంగుళం తీసేస్తే 21 × 29. నాలుగు ముక్కలు చేస్తే ఒక్కోటి 10.5 × 14.5. పొడవునా 3.5 చొప్పున నాలుగు, అడ్డంగా 2 చొప్పున అయిదు, ముక్కకు 20 కార్డులు, చుట్టూ పావు అంగుళం మిగులు. 500 కార్డులకు 25 ముక్కలు. ఎనిమిది షీట్లు తీసుకుంటే 32 ముక్కలు, అంటే ఏడు ముక్కలు తరుగుకు. హ్యాండ్‌మేడ్‌లో అంత తరుగు ఉంచుకోవాల్సిందే. మచ్చలు, గడ్డలు, పలచని చోట్లు వచ్చిన కార్డులు ఏరిపారేయాలి.

కొనేముందు షీటు మూల మీద బాల్‌పెన్‌తో, జెల్ పెన్‌తో గీసి చూడాలి. గంజి సరిగ్గా పట్టని కాగితం మీద జెల్ సిరా పీచుల వెంట పాకుతుంది. అలాంటిది ధర రాయడానికి పనికిరాదు.

డిజిటల్ కార్డులకు 12 × 18 షీటులో అడ్డంగా మూడు, నిలువుగా ఎనిమిది, 24 కార్డులు. వెయ్యికి 42 షీట్లు, సెట్టింగుకు మూడు కలిపి 45. 300 జీఎస్ఎం నున్నటి అన్‌కోటెడ్ బోర్డు. లామినేషన్ లేదు. ముందువైపు ఒక్కటే మ్యాట్ లామినేషన్ చేసి వెనక వదిలేద్దామని ప్రెస్ ఆయన సలహా ఇచ్చాడు. అలా చేస్తే వానాకాలంలో వెనక కాగితం తేమ పీల్చి సాగుతుంది, ముందు ప్లాస్టిక్ సాగదు, కార్డు వంపు తిరుగుతుంది. అదే హ్యాండ్‌మేడ్ కాగితాన్ని డిజిటల్ మిషన్‌లో పెట్టమని అడగడమూ దండగే. గరుకు కాగితం గుంటల్లో టోనర్ అంటదు, గోటితో గీకితే రాలుతుంది.

స్క్రీన్

పాజిటివ్ (స్క్రీన్ మీదికి ఎక్కించాల్సిన నల్లటి నమూనా) కోసం ట్రేసింగ్ పేపర్ మీద లేజర్ ప్రింట్ చాలంటారు. చిన్న పనులకు చాలు. ఇక్కడ 14 అంగుళాల పొడవు, రెండు వైపులా అచ్చు. లేజర్ వేడికి ట్రేసింగ్ పేపర్ ముడుచుకుంటుంది, ముందు పాజిటివ్‌కూ వెనక పాజిటివ్‌కూ కొలత కలవదు. నలుపు కూడా పూర్తిగా నల్లగా ఉండదు, వెలుగు దూరి సన్నని సందులు తెరుచుకోవు. అందుకే ఫిల్మ్ తీయించాం. ఫిల్మ్ అందగానే స్కేలుతో 14 అంగుళాలు కొలవాలి. ఫిట్ టు పేజ్ నొక్కి తీసిన ఫిల్మ్ చూడ్డానికి బాగానే ఉంటుంది, కొలిస్తేనే బయటపడుతుంది.

ఫ్రేముకు సెం.మీ.కు 100 పోగుల మెష్ (జాలి గుడ్డ). 120 పోగులది సన్న గీతలకు ఇంకా మంచిదే గానీ సిరా తక్కువ దింపుతుంది, గరుకు కాగితం గుంటలు నిండవు. 77 అయితే సిరా బాగా దిగుతుంది, క్యూఆర్ గడుల అంచులు మాత్రం రంపపు పళ్లలా వస్తాయి. మెష్ బిగుతుగా లేకపోతే ఏ నంబరైనా ఒకటే, అక్షరం జారుతుంది. ఎమల్షన్ (వెలుగు తగిలితే గట్టిపడే పూత) పూసి, ఫ్రేమును పడుకోబెట్టి, పసుపు బల్బు గదిలో ఆరబెట్టాలి. బైక్రోమేట్ కలిపే రకం ఎమల్షన్ అయితే చేతికి గ్లౌజులు తప్పనిసరి, అది ఒంటికి చెడు చేసే క్రోమియం మందు.

వెలుగు ఎంతసేపు అన్నదానికి స్థిరమైన జవాబు లేదు. బల్బును బట్టి, దూరాన్ని బట్టి మారుతుంది. పాజిటివ్ మీద నల్ల అట్ట పెట్టి నిమిషానికొకసారి కొంచెం కొంచెం జరుపుతూ ఒక పరీక్ష పట్టీ తీస్తే తెలిసిపోతుంది. వెలుగు తక్కువైన చోట కడిగేటప్పుడు ఎమల్షన్ జిగురై ఊడుతుంది. ఎక్కువైన చోట ధ కింది సందు, క్యూఆర్ సన్న గడులు ఎంత కడిగినా తెరుచుకోవు. రెండిటి మధ్య సమయమే మనది.

అచ్చులో స్క్రీన్‌కూ కాగితానికీ మధ్య 2 నుంచి 3 మి.మీ. ఎత్తు. నాలుగు మూలలా ఒకే మందం అట్టముక్కలు పెడితే చాలు. పూర్తిగా ఆనిస్తే స్క్రీన్ లేపేటప్పుడు కాగితం అంటుకుని లేస్తుంది, అక్షరం అంచులు చెదురుతాయి. స్క్వీజీ (సిరాను లాగే రబ్బరు పట్టీ) వాలు 70 డిగ్రీల దగ్గర, ఒక్కటే లాగుడు. రెండోసారి లాగితే సిరా ఎక్కువై సందులు పూడతాయి. ఎండాకాలం వరంగల్ వేడికి సిరా మెష్‌లోనే ఆరి గడ్డకడుతుంది. సిరా ఆరడాన్ని ఆలస్యం చేసే రిటార్డర్ కొంచెం కలిపి, తెల్లవారుజామున పని పెట్టుకోవడం మేలు. ఫ్యాను గాలి స్క్రీన్ మీద పడకూడదు. మధ్యలో ఆపాల్సి వస్తే స్క్రీన్ మీద సిరా పరిచి వదలాలి, ఖాళీగా వదిలితే గీతలు మూసుకుపోతాయి.

రెండో వైపు అచ్చు సరిగ్గా పడటానికి కిటుకు: ప్రతి ముక్కనూ ఒకే పొడవు అంచు, ఒకే మూల ఆధారంగా ఆనించాలి, ఆ మూలను పెన్సిల్‌తో గుర్తు పెట్టాలి. కాగితం తిప్పినప్పుడు అదే పొడవు అంచు మళ్లీ ఆధారంగా ఉండాలి, పక్క ఆధారం మాత్రం అటువైపుకు మారుతుంది. హ్యాండ్‌మేడ్ ముక్కల కొలతలు ఒకదానికొకటి అచ్చంగా ఉండవు. ఆధారం అంచు మారిస్తే ఆ తేడా అంతా వెనకవైపు బయటపడుతుంది. రెండు వైపుల అచ్చూ ఒకే రోజు పూర్తిచేయాలి. రాత్రి వాన పడితే కాగితం తేమ పట్టి పెరుగుతుంది.

బెజ్జం, దారం

సిరా పూర్తిగా ఆరాకే కోత. తొందరపడి కట్టగా పేర్చి బిగిస్తే నీలం పై కార్డు వెనకకు అంటుకుంటుంది. కోసిన కార్డులను యాభై చొప్పున కట్టలు చేసి, కింద పాత అట్ట పెట్టి 4 మి.మీ. పేపర్ డ్రిల్లుతో బెజ్జం. చెక్కకు వాడే డ్రిల్లు బిట్ వద్దు, పీచు లేచి బెజ్జం చుట్టూ కుచ్చులా తయారవుతుంది. బిట్ మొద్దుబారితే అడుగు కార్డుల్లో అంచు పైకి లేస్తుంది. అలా కనిపించగానే సాన పట్టించాలి.

దారం మగ్గం దగ్గరే దొరికింది, పడుగు చివర మిగిలే పోగులు. 20 సెం.మీ. ముక్క, మడిచి బెజ్జంలో దూర్చి, కొసలు ఉచ్చులోంచి లాగితే ముడి అక్కర్లేకుండా బిగుస్తుంది. అమ్మాయి అడిగిన ఎరుపు ఇక్కడ వచ్చింది: రెండు తెల్ల పోగులు, ఒక ఎర్ర పోగు కలిపి పేనారు. ఎర్ర పోగును ముందుగా తడి తెల్లగుడ్డతో గట్టిగా రుద్ది చూడాలి. గుడ్డకు రంగు అంటితే అది కార్డుకూ అంటుతుంది, దర్రీకీ అంటుతుంది. నీలిమందు పోగులు పొడిగా రుద్దినా కొంత రంగు వదులుతాయి కాబట్టి వాటిని వాడలేదు.

పరీక్షలు, మిగిలిన పని

క్యూఆర్‌ను చవక ఫోన్లతో, సందె చీకటి వెలుగులో, కార్డును కొంచెం వంచి చూశాం. చదివింది. రెండు కార్డుల్లో మాత్రం కాగితం గడ్డ సరిగ్గా మూలలోని పెద్ద చదరం మీద పడి చదవలేదు. ఆ మూడు మూలల చదరాలే ఫోన్‌కు ఆనవాళ్లు, అక్కడ చెడితే లోప సవరణ కాపాడలేదు. అందుకే ఏరివేతలో ముందు చూసేది ఆ మూడు మూలలే.

వెనక గీతల మధ్య 7 మి.మీ. సరిపోయింది. మార్కర్ పెన్నుతో రాస్తే పలచని చోట ముందువైపుకు మరక దిగింది. బాల్‌పెన్ మాత్రమే వాడమని కేంద్రంలో చెప్పి పెట్టాం.

హ్యాండ్‌మేడ్ కార్డులకు ఇంకా దారాలు కట్టాలి. డిజిటల్ వెయ్యికి ఫైలు సిద్ధంగా ఉంది: గీతలుగా మార్చిన పీడీఎఫ్, 100 శాతం కొలతలో తీసిన ప్రింటు, ఏ వైపు పైకి తిప్పాలో బాణం గుర్తుతో కాగితం. మొదటి షీటు బయటకు రాగానే మిషన్ ఆపి మూడు చూడాలి. వెనక బెజ్జం చోటు ఖాళీగా ఉందా, నీలం వంకాయ రంగుకు పోయిందా, ఫోన్ నంబరు పది అంకెలూ ఉన్నాయా. నంబరును ఎవరో ఒకరు పైకి చదవాలి, ఇంకొకరు ఫోన్‌లో నొక్కి రింగు అయ్యేదాకా ఆగాలి. అది అయ్యాకే మిగతా 44 షీట్లు.